పసుపు తెగుళ్ళు, కషాయం, నానోకణం: తెలుగు వ్యవసాయ విజ్ఞాన రచనలో పదం – ప్రమాణం

వ్యాససంగ్రహం:

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ ప్రాంతంలో పసుపు ప్రధాన వాణిజ్య పంట. ఈ పంటకు సోకే శిలీంధ్ర తెగుళ్ళను మొక్కల సారాలతోనూ, వాటి సాయంతో తయారుచేసిన నానోకణాలతోనూ అదుపు చేయవచ్చునన్న దిశగా ఇటీవలి దశాబ్దాలలో పరిశోధనలు విస్తరించాయి. ఈ పరిశోధనల ఫలితాలు రైతుకు చేరవలసింది తెలుగులోనే. అలా చేరే క్రమంలో తెగులు, మందు, శిలీంధ్రం, కషాయం, అస్త్రం, నానో అనే మాటలు ఏ అర్థాన్ని మోస్తున్నాయి, ఏ వివరాన్ని జారవిడుస్తున్నాయి అన్న విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. పారిభాషిక పదం కఠినంగా ఉండటం కన్నా, పదంతోపాటు రావలసిన ప్రమాణం రాకపోవడమే ఈ రచనలోని అసలు లోపమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆర్మూర్, పసుపు, దుంపకుళ్ళు, తాటాకు మచ్చ, కషాయం, నానోకణం, పరిభాష, వ్యవసాయ రచన.

1. ఉపోద్ఘాతం:

ఆర్మూర్, బాల్కొండ, వేల్పూర్, కమ్మర్‌పల్లి ప్రాంతాలలో పసుపు ఒక పంట మాత్రమే కాదు, కుటుంబం ఏడాది లెక్క. మే, జూన్ నెలల్లో నాటిన కొమ్ము తవ్వకానికి వచ్చేసరికి సంక్రాంతి దాటుతుంది. ఎకరాకు దాదాపు 8 నుంచి 10 క్వింటాళ్ళ విత్తనం భూమిలో పెట్టాలి. తవ్విన తరవాత ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, మెరుగు పెట్టాలి. ఆ పైననే కొమ్మును, మండను వేరుచేసి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తరలించాలి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది అభ్యర్థులు పోటీపడ్డారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు. గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం వారు ఎంచుకున్న నిరసన రూపమది. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ ప్రధాన కేంద్రంగా ప్రారంభమైంది.

ధర గురించి ఇంత చర్చ జరిగినా, ఆ ధర దాకా పంటను చేరనీయని తెగుళ్ళ గురించిన చర్చ వ్యవసాయ పత్రికల పుటలకు, రేడియో ప్రసంగాలకు, దుకాణం ముందరి సంభాషణలకు పరిమితమైంది. సాహిత్య విమర్శ ఈ రచనను తన పరిధిలోకి తీసుకోవడం అరుదు. అయితే తెలుగులో అత్యధిక సంఖ్యాకులు చదివి, విని, వెంటనే ఆచరణలో పెట్టే వచనాలలో వ్యవసాయ రచన ఒకటి. 1969లో ఆరంభమైన 'అన్నదాత' మాసపత్రిక మొదలుకొని నేటి వ్యవసాయ పంచాంగాల వరకు ఈ వచనానికి తనదైన శైలి, పదజాలం, పాఠకుడు ఉన్నారు. కథలో ఒక మాట గురి తప్పితే రసభంగం కలుగుతుంది. ఈ వచనంలో గురి తప్పితే తొమ్మిది నెలల పంట దెబ్బతింటుంది. కనుక దీనికి కూడా పాఠవిమర్శ అవసరం.

2. తెగులు పేరు – చూపు, కారణం:

తెలుగు రైతు తెగుళ్ళకు పెట్టిన పేర్లు దృశ్యప్రధానమైనవి. వరి ఆకు మంటకు కమిలినట్లు కనిపిస్తే అగ్గి తెగులు. కాండపు తొడిమ మీద పాము ఒంటి చారల వంటి మచ్చలు వస్తే పాముపొడ తెగులు. జొన్న కంకిలో గింజకు బదులు నల్లటి పొడి నిండితే కాటుక తెగులు. ఆకుపై తెల్లటి పొడి పేరుకుంటే బూడిద తెగులు. ఇవన్నీ ఉపమానం కుదించుకుపోయి నామవాచకంగా స్థిరపడిన రూపకాలు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువరించిన 'మాండలిక వృత్తి పదకోశం' మొదటి సంపుటి వ్యవసాయ పదాలకే కేటాయింపబడింది. రైతు నోటి మాట శాస్త్రీయ అధ్యయనానికి అర్హమైనదని ఆ సంపుటి ఆరు దశాబ్దాల కిందటే నిరూపించింది.

ఈ పేర్లకు బలం ఉన్నచోటే పరిమితి కూడా ఉంది. అవి లక్షణాన్ని చెబుతాయి, కారణాన్ని చెప్పవు. అగ్గి తెగులుకు కారణం శిలీంధ్రం. వరి ఎండాకు తెగులుకు కారణం బాక్టీరియా. మినుము, పెసరలలో పల్లాకు తెగులుకు కారణం తెల్లదోమ ద్వారా వ్యాపించే వైరస్. మూడింటికీ చివర ఉన్న మాట 'తెగులు' ఒక్కటే. శిలీంధ్రాన్ని చంపే మందు మిగిలిన రెండింటి మీద పనిచేయదు. పైగా 'మందు' అనే మాట వ్యాప్తి ఇంకా పెద్దది. తెలంగాణ పల్లెల్లో ఎరువు బస్తా కూడా మందు సంచే. పురుగులకు కొట్టేదీ మందే, తెగులుకు కొట్టేదీ మందే. 'తెగులు వచ్చింది, మందు ఇవ్వండి' అన్న వాక్యంలో వ్యాకరణపరంగా లోపం లేదు; సమాచారం మాత్రం లేదు.

పసుపు విషయంలో ఈ అస్పష్టత మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఆకుల మీద వచ్చే మచ్చ తెగుళ్ళు ప్రధానంగా రెండు. ఒకటి కొల్లెటోట్రైకమ్ కాప్సిసి అనే శిలీంధ్రం వల్ల వచ్చేది. దీని మచ్చలు పెద్దవి, అండాకారంలో 4, 5 సెంటీమీటర్ల పొడవు దాకా పెరుగుతాయి. మధ్యభాగం బూడిద రంగులోనూ, అంచు గోధుమ రంగులోనూ ఉండి చుట్టూ పసుపు వలయం ఏర్పడుతుంది. రెండవది టాఫ్రినా మాక్యులాన్స్ వల్ల వచ్చేది. దీని మచ్చలు ఒకటి, రెండు మిల్లీమీటర్లకు మించవు, కాని వందల సంఖ్యలో ఆకు రెండు వైపులా కమ్ముకొని ఆకును ఇటుక రంగుకు తెస్తాయి. తెలుగు రచనల్లో తాటాకు మచ్చ, ఆకుమచ్చ అనే రెండు పేర్లు వీటికి వాడుకలో ఉన్నాయి. ఒకచోట రెండూ వేర్వేరు తెగుళ్ళ పేర్లు. మరొకచోట ఒకే తెగులుకు పర్యాయపదాలు. ఆకుపై మచ్చ అనేది రెండింటికీ వర్తించే వర్ణన కావడమే ఈ తికమకకు మూలం. మచ్చ కొలత, రంగు, అంచు అనే మూడు గుర్తులను పేరు వెంటనే చెప్పినట్లయితే వాడుకలోని పేర్లను మార్చకుండానే ఈ తికమక తొలగుతుంది.

లాటిను పేరు పెట్టినంత మాత్రాన స్పష్టత దానంతట అదే రాదన్నది కూడా గమనార్హం. 'కాప్సిసి' అనే విశేషణం మిరప ప్రజాతి పేరైన కాప్సికమ్ నుంచి వచ్చింది. పసుపు ఆకు మీది తెగులు శాస్త్రనామంలో మిరప దాగి ఉంది. శాస్త్రనామాలు కూడా వర్గీకరణ మారినప్పుడల్లా మారుతుంటాయి. కనుక దేశీయ నామం అశాస్త్రీయమనీ, లాటిను నామం శాశ్వతమనీ భావించడం సరికాదు. రెండూ వివరణను ఆశించే పేర్లే.

3. శిలీంధ్రం అనిపించుకునే పితియం:

ఆర్మూర్ ప్రాంత రైతును ఎక్కువగా భయపెట్టేది దుంపకుళ్ళు. మొదట ఆకు అంచులు పసుపుబారి ఎండుతాయి, కాండం అడుగుభాగం నీటిలో నానినట్లు మెత్తబడుతుంది, పట్టి లాగితే మొక్క సులువుగా ఊడివస్తుంది, దుంప లోపల మెత్తగా కుళ్ళి దుర్వాసన వేస్తుంది. కుళ్ళిన దుంపలో ఈగ పిల్లపురుగులు కూడా కనిపిస్తాయి. ఈ కుళ్ళుకు ప్రధాన కారకంగా గుర్తింపబడినది పితియం అఫానిడెర్మాటమ్. తెలుగు వ్యవసాయ రచన దీనిని సాధారణంగా 'శిలీంధ్రం' అనే పేర్కొంటుంది.

ఆధునిక జీవశాస్త్రం ప్రకారం పితియం నిజమైన శిలీంధ్రం కాదు. అది ఊమైసీట్ అనే వేరొక వర్గానికి చెందుతుంది. నిజమైన శిలీంధ్రాల కణకవచంలో కైటిన్ ప్రధానం. పితియం కణకవచంలో సెల్యులోజ్, గ్లూకాన్‌లు ప్రధానం. ఈ భేదం పాఠ్యపుస్తకానికి పరిమితమైనది కాదు. ఆకుమచ్చ మీద పనిచేసే కార్బెండజిమ్ పితియం మీద పనిచేయదు. పితియం మీద పనిచేసే మెటలాక్సిల్ ఆకుమచ్చ శిలీంధ్రాల మీద పనిచేయదు. 'శిలీంధ్రనాశిని' అనే ఒకే మాట ఈ రెండింటినీ కప్పివేస్తున్నది. ఒక మొక్క సారం 'శిలీంధ్రాలను అరికడుతుంది' అని రాసినప్పుడు కూడా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. కొల్లెటోట్రైకమ్ మీద పరీక్షించిన ఫలితాన్ని పితియంకు వర్తింపజేయడం న్యాయం కాదు. 'శిలీంధ్రం' అనే మాటను పూర్తిగా విడిచిపెట్టనక్కరలేదు. దుంపకుళ్ళు ప్రస్తావన వచ్చినచోట 'నీటి తడిలో ఈదుతూ వ్యాపించే శిలీంధ్రం వంటి జీవి' అన్న చిన్న వివరణ చాలు. నీరు నిలిచే మడిలోనే దుంపకుళ్ళు ఎందుకు ముదురుతుందో, మందుకన్నా ముందు మురుగు కాలువ ఎందుకు తీయాలో ఆ వివరణే చెబుతుంది.

4. కషాయం – ఒకే మాట కింద ఐదు ప్రక్రియలు:

మొక్కల సారాలకు తెలుగు రైతు వాడుకలోని మాట 'కషాయం'. వేపగింజల కషాయం, వావిలాకు కషాయం, వెల్లుల్లి కషాయం అని ఒకే వరసలో పలుకుతారు. ఆయుర్వేద సంప్రదాయంలో కషాయం ఒక ప్రక్రియ పేరు కాదు, ఐదు ప్రక్రియల ఉమ్మడి పేరు. చరకసంహిత పేర్కొన్న పంచవిధ కషాయ కల్పనలలో స్వరసం అంటే పచ్చి మూలికను దంచి పిండిన రసం. కల్కం అంటే నూరిన ముద్ద. శృతం అంటే నీటిలో కాచి దించినది. శీతం అంటే చల్లటి నీటిలో రాత్రంతా నానబెట్టినది. ఫాంటం అంటే వేడినీటిలో కొద్దిసేపు నానబెట్టి వడకట్టినది. వాడుక తెలుగులో మాత్రం కషాయం అంటే కాచినదే అన్న అర్థం స్థిరపడింది.

ఈ అర్థసంకోచం పొలంలో ఫలితాన్ని మారుస్తుంది. వెల్లుల్లిలో శిలీంధ్రాలను అరికట్టే ప్రధాన ద్రవ్యం అల్లిసిన్. అది వెల్లుల్లి రెబ్బలో ముందే సిద్ధంగా ఉండదు. రెబ్బను చితక్కొట్టినప్పుడు అల్లియిన్ అనే పదార్థం మీద అల్లినేజ్ అనే ఎంజైము పనిచేయడం వల్ల పుడుతుంది. చితకకుండానే రెబ్బలను నీటిలో మరిగిస్తే వేడికి ఎంజైము నశిస్తుంది, అల్లిసిన్ పుట్టదు. కాబట్టి వెల్లుల్లి విషయంలో కావలసింది స్వరసం. మాట మాత్రం కషాయం. దీనికి విరుద్ధంగా, వ్యవసాయశాఖ చిరకాలంగా సిఫారసు చేస్తూ వచ్చిన '5 శాతం వేపగింజల కషాయం' అసలు కాచేదే కాదు. వేపగింజల పొడిని నీటిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి తయారుచేస్తారు. చరకుని లెక్కలో అది శీతకషాయం. ఒకే మాట విని ఒక రైతు నానబెడతాడు, మరొక రైతు మరిగిస్తాడు. రెండవవాడికి ఫలితం రాకపోతే దోషం మొక్కదా, మాటదా అన్న ప్రశ్న మిగులుతుంది.

పరిశోధన పత్రాలలోని 'సారం' వీటన్నింటికీ భిన్నమైనది. అక్కడ ద్రావకం నీరే కానక్కరలేదు. ఇథనాల్, మిథనాల్, అసిటోన్ కావచ్చు. నీటిలో దిగని ద్రవ్యం ఆల్కహాలులో దిగుతుంది. ఆల్కహాలు సారానికి వచ్చిన ఫలితాన్ని 'ఈ ఆకు కషాయం తెగులును అరికడుతుంది' అని తెలుగులో రాసినప్పుడు ద్రావకం మారిపోతుంది, వాక్యం మాత్రం నిజంలాగే వినిపిస్తుంది. పరిమాణం సంగతి కూడా ఇంతే. ప్రయోగశాలలో 10 శాతం గాఢత చిన్న సంఖ్య. ఎకరాకు 200 లీటర్ల ద్రావణం పిచికారీ చేసే రైతుకు అది 20 లీటర్ల సారం. కిలో ఆకుకు లీటరు సారం చొప్పున చూసినా 20 కిలోల ఆకు కోసి, దంచి, వడకట్టాలి. ఈ లెక్క చెప్పని వ్యాసం రైతుకు సలహా ఇచ్చినట్లు కాదు.

పసుపు విషయంలో మరొక సందర్భం ఆలోచింపజేస్తుంది. పసుపు దుంపలోని కుర్‌కుమిన్, పసుపు తైలంలోని టర్మెరోన్‌లు పలు శిలీంధ్రాల పెరుగుదలను అడ్డుకుంటాయని పరిశోధనలు తెలిపాయి. అదే పసుపు మడిలో మచ్చ తెగులు, దుంపకుళ్ళు ఏటా కనిపిస్తున్నాయి. మొక్కలో ఒక ద్రవ్యం ఉండటం ఒకటి, దానిని కావలసిన గాఢతలో కావలసిన చోట అందించడం మరొకటి అనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఆర్మూర్ రైతుకు అవసరం లేదు.

5. అమృతం, అస్త్రం – పేరులోని అలంకారం:

సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన ప్రకృతి వ్యవసాయ విధానంతో తెలుగు పల్లెల్లోకి బీజామృతం, జీవామృతం, నీమాస్త్రం, అగ్ని అస్త్రం, బ్రహ్మాస్త్రం అనే పేర్లు వచ్చాయి. శిలీంధ్ర తెగుళ్ళకు పుల్లటి మజ్జిగ, సొంఠి కలిపి కాచిన పాలు ఈ విధానంలోని సిఫారసులు. పేర్లు పెట్టిన తీరు భాషాపరంగా ప్రశంసనీయం. పురాణ పరిచయం ఉన్న శ్రోతకు ఇవి ఒక్క వినికిడితో గుర్తుండిపోతాయి. విత్తనానికి పట్టించేది అమృతం, పురుగు మీద ప్రయోగించేది అస్త్రం అన్న విభజన పేరులోనే ఉంది. విదేశీ సంక్షేపాక్షరాల మందు పేర్లతో పోలిస్తే ఇది రైతును భాషాపరంగా గౌరవించిన పద్ధతి.

అయితే అలంకారానికి ఒక స్వభావం ఉంది. బ్రహ్మాస్త్రానికి తిరుగు లేదన్నది పురాణ విశ్వాసం. ఆ విశ్వాసం పేరుతోపాటు సీసాలోకి ప్రవేశిస్తుంది. ఏ తెగులుకు, ఏ దశలో, ఎంత తీవ్రత వరకు పనిచేస్తుంది అని అడగవలసిన చోట పేరే సమాధానమైపోతుంది. 'సహజం' అన్న విశేషణం కూడా ఇలాంటిదే. ఉమ్మెత్త సహజమైనదే, విషమైనది కూడా. సహజత్వం పుట్టుకను చెబుతుంది. భద్రతను విడిగా నిరూపించాలి.

ప్రాచీనత విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. సికింద్రాబాదు కేంద్రంగా 1994లో ఏర్పడిన ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో సురపాలుని వృక్షాయుర్వేదాన్ని నళిని సాధలే ఆంగ్లానువాదంతో వెలువరించింది. చెట్ల రోగాలను వాత, పిత్త, కఫ దోషాలవల్ల కలిగేవిగానూ, కీటకాదుల వల్ల బయటినుంచి కలిగేవిగానూ ఆ గ్రంథం విభజించింది. ఈ సంస్థను స్థాపించిన వై.ఎల్. నెనె స్వయంగా వృక్షరోగ శాస్త్రజ్ఞుడు. 1960లలో పంత్‌నగర్‌లో వరికి వచ్చే 'ఖైరా' తెగులు నిజానికి జింక్ లోపమని తేల్చినది ఆయనే. రోగంగా పేరుబడినది పోషకలోపం కావచ్చునని నిరూపించిన శాస్త్రజ్ఞుడే ప్రాచీన గ్రంథాన్ని వెలుగులోకి తేవడం గమనించదగినది. ప్రాచీన గ్రంథం పరీక్షకు పెట్టవలసిన ప్రతిపాదనలను ఇస్తుంది. పరీక్ష మాత్రం నేటి పొలంలో జరగాలి.

6. నానో – చిన్నతనం, గొప్పతనం:

'నానో' మరుగుజ్జు అనే అర్థం గల గ్రీకు మాట నుంచి వచ్చింది. మీటరులో వందకోట్లవ వంతు నానోమీటరు. సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల పరిమాణంలో ఉన్నవాటిని నానోకణాలంటారు. కణం చిన్నదైనకొద్దీ అదే బరువుకు ఉపరితల వైశాల్యం పెరుగుతుంది. చర్యాశీలత కూడా పెరుగుతుంది. మొక్కల సారాలతో నానోకణాలను తయారుచేసే పద్ధతిని హరిత సంశ్లేషణ అంటున్నారు. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో వేపాకు లేదా తులసి ఆకు సారాన్ని కలిపినప్పుడు, ఆకులోని ఫినోలిక్ పదార్థాలు, ఫ్లేవనాయిడ్లు వెండి అయాన్లను లోహపు వెండిగా క్షయకరణం చేస్తాయి. లేత రంగు ద్రావణం గోధుమ రంగుకు మారుతుంది. ఆ ఆకు పదార్థాలే కణాల చుట్టూ పొరగా ఏర్పడి అవి ముద్దకట్టకుండా కాపాడతాయి.

ఈ ప్రక్రియను తెలుగులో చెప్పేటప్పుడు 'హరిత' అనే మాట దృష్టిని ఆకు మీదికి మళ్ళిస్తుంది. తెగులును అరికట్టే పని ఎక్కువ భాగం చేసేది వెండి. హరితమైనది తయారీ పద్ధతి. పొలంలో మిగిలేది లోహం. వెండి అయాన్లు హానికర శిలీంధ్రానికీ మేలుచేసే సూక్ష్మజీవికీ మధ్య భేదం పాటించవు. పసుపు రైతుకు ఇది నేరుగా సంబంధించిన విషయం. దుంపకుళ్ళు నివారణకు 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 1 లేక 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి వృద్ధిచేసి నేలలో వేయాలన్నది చిరపరిచితమైన సిఫారసు. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే; మిత్ర శిలీంధ్రం. ఆ మడిలోనే లోహ నానోకణాలను పోస్తే మోతాదును బట్టి ఈ మిత్రుడికి కూడా ముప్పు ఉంటుంది. 'శిలీంధ్రాలను చంపుతుంది' అన్న వాక్యాన్ని రైతు హర్షించే ముందు ఏ శిలీంధ్రాలను అని అడగవలసి ఉంది. రొయ్యల, పీతల పెంకులలోని కైటిన్ నుంచి లభించే కైటోసాన్‌తో చేసిన నానోకణాలు లోహరహితమైన మార్గాన్ని చూపుతున్నాయి. నేలలో జీర్ణమయ్యే గుణం వాటికి అదనపు బలం.

ఆర్మూర్ పట్టణాన్ని ఆనుకొని నవనాథ సిద్ధుల గుట్ట ఉంది. సిద్ధుల పేరు వినగానే రసవాదం, భస్మాలు గుర్తుకు రావడం సహజం. లోహాన్ని మూలికారసంతో మర్దించి పుటం పెట్టే భస్మప్రక్రియను చూపి, నానో మన పూర్వులకు తెలిసినదే అనే వాదం తెలుగులో తరచుగా వినిపిస్తుంది. భస్మాలలో నానో పరిమాణపు కణాలు కనిపించడం నిజమే. కాని భస్మం తీవ్రమైన వేడిలో లోహం ఆక్సైడుగానో, సల్ఫైడుగానో మారగా ఏర్పడుతుంది. హరిత సంశ్లేషణలో నీటిలోని అయాను లోహంగా మారుతుంది. రసాయనికంగా రెండూ ఎదురెదురు దిశలు. పోలికను చెప్పి భేదాన్ని దాచడం విజ్ఞాన రచనకు తగదు.

మోతాదు ప్రాముఖ్యానికి తెలుగునేల మీద జరిగిన ప్రయోగమే నిదర్శనం. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం శాస్త్రవేత్తలు వేరుశనగపై చేసి 2012లో ప్రకటించిన అధ్యయనంలో, సగటున 25 నానోమీటర్ల జింక్ ఆక్సైడ్ కణాలు 1000 పీపీఎం గాఢతలో మొలక శాతాన్ని, మొలక బలాన్ని పెంచాయి. 2000 పీపీఎం వద్ద అవే కణాలు ఎదుగుదలను అణచివేశాయి. ఇది తెగులు నివారణ ప్రయోగం కాదు, పోషకానికి సంబంధించినది. అందుకే రెండు విధాల ఉపకరిస్తుంది. మొదటిది, రెట్టింపు మోతాదు రెట్టింపు మేలు కాదు. రెండవది, నానో జింక్ కొట్టిన పసుపు మడి పచ్చబడితే, తెగులు తగ్గినందువల్లనా, జింక్ లోపం తీరినందువల్లనా అన్నది విడదీసి చూడాలి. నెనె ఖైరా అనుభవం ఇక్కడ మళ్ళీ పనికివస్తుంది.

7. గాజుపళ్ళెం నుంచి పసుపు మడి దాకా:

మొక్కల సారాలు, నానోకణాల గురించిన ఫలితాలలో అధికభాగం మొదటి మెట్టు ఫలితాలు. పోషక మాధ్యమంలో సారాన్ని కలిపి గాజుపళ్ళెంలో పోసి, మధ్యలో శిలీంధ్రపు ముక్కను ఉంచి, అది ఎన్ని మిల్లీమీటర్లు పెరిగిందో కొలుస్తారు. సారం లేని పళ్ళెంతో పోల్చి నిరోధ శాతాన్ని లెక్కిస్తారు. ఈ పళ్ళెంలో ఎండ లేదు, వాన లేదు, మట్టి లేదు, మొక్క కూడా లేదు. రెండవ మెట్టు కుండీ, మూడవ మెట్టు పరిశోధన క్షేత్రం, నాలుగవ మెట్టు పలు ప్రాంతాల రైతుల పొలాలు. పళ్ళెంలో నిలిచిన సారం ఎండకు విచ్ఛిన్నం కావచ్చు, వానకు కడుక్కుపోవచ్చు. దుంపకుళ్ళు వంటి భూగర్భ తెగులు విషయంలో ఆకుపై పిచికారీ చేసినది దుంపకు చేరకపోవచ్చు.

తెలుగు రచనలో ఈ నాలుగు మెట్లనూ ఒకే క్రియ మింగివేస్తున్నది: 'నిరూపితమైంది'. పళ్ళెంలో కనిపించినదీ నిరూపితమే, పొలంలో నిలిచినదీ నిరూపితమే. తెలుగు క్రియకు ఈ భేదాన్ని చెప్పే శక్తి లేక కాదు. 'ప్రయోగశాలలో కనిపించింది', 'కుండీలో నిలిచింది', 'మడిలో తేలింది', 'సిఫారసుకు వచ్చింది' అని నాలుగు మెట్లకు నాలుగు మాటలు వాడుక భాషలోనే లభిస్తాయి. కమ్మర్‌పల్లిలోని పసుపు పరిశోధన స్థానం ఆర్మూర్ నేలకు, వానకు దగ్గరగా ఉన్న ప్రయోగక్షేత్రం. అక్కడ తేలిన విషయాన్నీ, దూరదేశపు ప్రయోగశాలలో కనిపించిన విషయాన్నీ ఒకే స్వరంతో చెప్పడం పాఠకుని పట్ల న్యాయం కాదు.

8. చట్టం మాట, దుకాణం మాట:

మాటల ఈ అస్పష్టత చట్టం దాకా వ్యాపించి ఉంది. శిలీంధ్రనాశినులను నియంత్రించే చట్టం పేరు 1968 నాటి కీటకనాశినుల చట్టం. కలుపు మందులు, శిలీంధ్ర మందులు కూడా ఆ చట్టం దృష్టిలో కీటకనాశినులే. 2020 జూలైలో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ నానో ఆధారిత వ్యవసాయ, ఆహార ఉత్పత్తుల మదింపుకు మార్గదర్శకాలు విడుదల చేసింది. 2021లో నానో యూరియా ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి వచ్చింది. అందువల్ల ఆర్మూర్ దుకాణంలో 'నానో' అనే మాట మొదట ఎరువు సీసా మీద పరిచయమైంది. ఎరువుకు లభించిన అనుమతి తాలూకు నమ్మకం అదే మాట పెట్టుకున్న మరో సీసాకు బదిలీ కావడానికి అవకాశం ఉంది. పోషకంగా నమోదైన ఉత్పత్తి తెగులు మందు కాదు. తెగులును అరికడుతుందని చెప్పి అమ్మదలచినది కీటకనాశినుల చట్టం కింద నమోదు కావాలి. సీసా మీద ఏ చట్టం కింది నమోదు సంఖ్య ఉన్నదో చూడమని చెప్పే ఒక్క వాక్యం ప్రతి వ్యాసంలోనూ ఉండదగినది.

ఇన్ని వివరాలు రైతుకు అర్థం కావన్న అభ్యంతరం తరచు వినిపిస్తుంది. ఈ అభ్యంతరానికి సమాధానం దుకాణంలోనే ఉంది. వేపనూనె కొనే రైతు 1500 పీపీఎమా, 10000 పీపీఎమా అని అడిగి తీసుకుంటాడు. పీపీఎం తెలుగు మాట కాదు, తేలిక మాట కాదు. అయినా డబ్బుకూ పంటకూ ముడిపడి ఉన్నందువల్ల అది పల్లె నోటికి ఎక్కింది. ప్రమాణం రైతుకు భారం కాలేదు. అది లేని రచనే భారమైంది.

9. ప్రతిపాదనలు:

పై పరిశీలన ఆధారంగా పంట తెగుళ్ళపై తెలుగులో రాసే వ్యాసానికి కనీస నియమాలు కొన్నింటిని సూచించవచ్చు. తెగులు వాడుక పేరుతోపాటు కారకజీవి పేరు, వర్గం, చూసి గుర్తించే కొలత చెప్పాలి. మొక్క సారమైతే స్వరసమా, కాచినదా, నానబెట్టినదా, ద్రావకం ఏమిటి అన్నది చెప్పాలి. గాఢతను శాతంలో చెప్పి, ఎకరాకు ఎంత ఆకు అవసరమో కూడా లెక్కగట్టాలి. నానోకణమైతే లోహం పేరు, కణ పరిమాణం, మోతాదు పైహద్దు, ట్రైకోడెర్మా వంటి మిత్రజీవులపై ప్రభావం పేర్కొనాలి. ఫలితం నాలుగు మెట్లలో ఏ మెట్టుకు చెందినదో మొదటి పేరాలోనే తెలపాలి.

మాండలిక వృత్తి పదకోశం వేసిన బాటలో పసుపు సాగు పదజాలానికి ప్రత్యేక సంకలనం అవసరం. ఆర్మూర్, మెట్‌పల్లి, దుగ్గిరాల, మైదుకూరు ప్రాంతాల పసుపు రైతులు తెగుళ్ళకు వాడే పేర్లను సేకరించి, ప్రతి పేరుకు చిత్రం, కొలత, కారకం జతచేస్తే అది భాషాశాస్త్రానికీ వ్యవసాయశాస్త్రానికీ ఉమ్మడి ఆధారగ్రంథమవుతుంది. తెలుగు శాఖలు, ఉద్యాన పరిశోధన స్థానాలు, నిజామాబాద్‌లోని పసుపు బోర్డు కలిసి చేయదగిన పని ఇది.

10. ముగింపు:

తెలుగులో విజ్ఞాన రచన గురించిన చర్చ ఎక్కువగా సంస్కృత పదమా, అచ్చతెలుగు పదమా, ఆంగ్ల పదమా అన్న ఎంపిక చుట్టూ తిరిగింది. పసుపు తెగుళ్ళపై రచనను పరిశీలించినప్పుడు ఈ ఎంపిక రెండవ స్థానానికి చెందినదని తెలుస్తుంది. శిలీంధ్రం సంస్కృతం, తాటాకు మచ్చ తెలుగు, నానో గ్రీకు. మూడూ రైతు నోట చెల్లుబాటు అవుతున్నాయి. చెల్లనిది ప్రమాణం లేని వాక్యం. కషాయం, నానోకణం అనే రెండు మార్గాలలోనూ ఉపయోగకరమైన అంశాలు ఉన్నాయి. వాటిని పోగొట్టుకోకుండా ఉండాలంటే పొగడ్త తగ్గి, కొలత పెరగాలి. తరవాతి వానాకాలంలో ఆకుపై తొలి మచ్చ కనిపించిన రోజున, మచ్చ ఎంత వెడల్పు ఉన్నదో కొలిచి, తెగులు పేరు నిర్ణయించుకొని, సీసా మీది నమోదు సంఖ్య చదివి, ఆ తరవాతనే పిచికారీకి దిగగలిగేలా రైతుకు తోడ్పడే వ్యాసం తెలుగులో విరివిగా రావలసి ఉంది.